నకలు పాటే నా అసలు పాట

నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, అమెరికా నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు ఒక పెన్ డ్రైవ్ నిండా ఇంగ్లీషు పాటలు ఇచ్చి వెళ్ళాడు. అందులో డెఫ్ లెపర్డ్ వాళ్ళ 'పోర్ సమ్ షుగర్ ఆన్ మి' ఒకటి. పరీక్షల ముందు రాత్రుళ్ళు హాస్టల్లో అదే పాట, అరిగిపోయేదాకా విన్నాను (ఫైలు అరగదనుకోండి). పేరు చివర 2012 అని ఉంటే అన్నయ్య కొన్న ఏడాది కాబోలు అనుకున్నా. నేను విన్నది నకలు అని తెలిసేసరికి 2018 వచ్చింది.

అసలు పాట 1987 నాటి 'హిస్టీరియా' ఆల్బమ్ లోది. ఆ ఆల్బమ్ పూర్తి కావడానికి మూడేళ్ళు పట్టింది. 1984 చివరి రోజున డ్రమ్మర్ రిక్ ఆలెన్ కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. చేత్తో కొట్టాల్సినవి కొన్ని కాలి పెడళ్ళకి మార్చుకుని, మళ్ళీ వాయించడం నేర్చుకున్నాడు. ప్రొడ్యూసర్ మట్ లాంజ్ గొంతు మీద గొంతు, గిటార్ మీద గిటార్ పొరలు పొరలుగా పేర్చాడు. అలాంటి దాన్ని మళ్ళీ తయారుచేయాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుంది?

డబ్బు కోసం. ఇంకా చెప్పాలంటే పంతం కోసం. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటలూ బాణీ ఒకటి, రికార్డు చేసిన మాస్టర్ టేపు రెండోది. మన భాషలో సోర్స్ కోడూ, ఈఎక్స్ఈ ఫైలూ అనుకోండి. సోర్స్ రాసింది బ్యాండు, ఈఎక్స్ఈ ఉన్నది కంపెనీ చేతిలో. డౌన్‌లోడ్ల మీద ఎంత ఇవ్వాలన్న దగ్గర యూనివర్సల్ కంపెనీకీ వీళ్ళకీ చెడింది. బ్యాండు ఒప్పుకోనిదే పాత రికార్డింగులు ఆన్‌లైన్లో అమ్మడానికి వీల్లేదు, బ్యాండేమో ససేమిరా అంది. అని ఊరుకోకుండా, 2012లో అదే సోర్స్ ని మళ్ళీ కంపైల్ చేసి తనే అమ్ముకుంది.

పాడిన జో ఇలియట్ వీటిని తనే 'ఫోర్జరీలు' అన్నాడు. ఏ మాత్రం తేడా తెలియకూడదన్నదే వాళ్ళ లక్ష్యం. అసలు పాడినప్పుడు ఆయన వయసు 27, నకలు పాడినప్పుడు 52. నేనిప్పుడు ఆ మొదటి వయసు దగ్గరే ఉన్నాను, రెండు అంతస్తులు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఆయన 52లో ఆ కేకలు వేశాడు! కొందరు అభిమానులు కంపెనీకి బాగా బుద్ధి చెప్పారని మెచ్చుకున్నారు. కొందరికి మాత్రం మింగుడుపడలేదు. హిస్టీరియాలో గిటార్ వాయించిన స్టీవ్ క్లార్క్ 1991లోనే చనిపోయాడు. ఎంత అచ్చుగుద్దినా కొత్తదాంట్లో ఆయన వేళ్ళు లేవు కదా.

అంతకు పదేళ్ళ ముందు ఇంకా ఘోరం జరిగింది. ఆజీ ఆస్బర్న్ 1980, 81 ఆల్బమ్ లని 2002లో మళ్ళీ విడుదల చేసినప్పుడు, బేస్ వాయించిన బాబ్ డైస్లీనీ డ్రమ్స్ వాయించిన లీ కర్స్‌లేక్ నీ చెరిపేసి, వేరేవాళ్ళతో వాయించిన ట్రాకులు అతికించారు. వాళ్ళతో రాయల్టీ కేసులు నడుస్తున్న కాలం అది. అభిమానులు గగ్గోలు పెట్టారు. 2011లో గానీ పాత ట్రాకులు వెనక్కి రాలేదు.

యూటూ వాళ్ళది దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. 2023 మార్చిలో తమ పాత పాటలు నలభై తీసుకుని, శ్రుతి తగ్గించి, హోరు తీసేసి, కొన్నింట్లో మాటలు కూడా మార్చి వదిలారు. వయసుకి తగ్గట్టు పాడారని కొందరు, చప్పగా ఉందని కొందరు అన్నారు. నాకూ చాలావరకు చప్పగానే అనిపించింది. కానీ ఆజీ మీద వచ్చినంత కోపం వీళ్ళ మీద రాలేదు, ఎందుకంటే పాతవి ఎక్కడివక్కడే ఉన్నాయి. 'మగధీర' (2009)లో కీరవాణి తన 'ఘరానా మొగుడు' (1992) పాటనే మళ్ళీ చేసినప్పుడు నాన్న మొహం చిట్లించారు, నేను గెంతులేశాను. పాత క్యాసెట్టు బీరువాలో భద్రంగా ఉంది కాబట్టి ఇంట్లో గొడవల్లేవు :)

కొత్త వెర్షన్ ఎంత చెత్తగా ఉన్నా జనం సర్దుకుంటారు. పాతదాన్ని సర్వర్ మీంచి పీకేస్తేనే మన మీదకొస్తారు. ఈ సంగతి మా ఆఫీసులో చెప్పి చెప్పి అలిసిపోయాను.

2018 జనవరిలో బ్యాండుకీ కంపెనీకీ రాజీ కుదిరి అసలు పాటలు ఆన్‌లైన్ కి వచ్చాయి. ఆత్రంగా పెట్టి విన్నాను. తప్పుగా వినిపించింది! నాకు అలవాటైన చోట కేక లేదు, ఊపిరి తీసుకునే చోటు వేరే. లోకానికంతటికీ అసలైనది నాకు మాత్రం ఎవరో చేసిన అనుకరణలా ఉంది. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశా.

"ఓహ్ అదా, చూసుకోకుండా కొనేశాన్రా. మొదటి నిమిషంలోనే ఆపేశా. నువ్వింకా దాచుకున్నావా?" అన్నాడు. ఆయన చిన్నప్పుడు క్యాసెట్లో విన్నవాడు.

దాచుకున్నాను. ఆ పెన్ డ్రైవ్ పోయింది గానీ, ఫైలు మూడు లాప్‌టాప్ లు మారి ఇంకా నా దగ్గరే ఉంది. రాత్రి పూట రిలీజ్ ఉంటే ఇప్పటికీ అదే పెట్టుకుంటాను.