తుపాకీ దిగిన నికాన్

2020 మొదట్లో అమెరికా వేటగాళ్ల మధ్య ఒక వార్త గుప్పుమంది: నికాన్ ఇక రైఫిల్ స్కోపులు తయారు చేయదట. బైనాక్యులర్లు ఉంటాయి, దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్లూ ఉంటాయి. తుపాకీ మీద బిగించే దుర్బిణికి మాత్రం స్వస్తి. నికాన్ అంటే మనకు పెళ్లి ఫొటోగ్రాఫర్ మెడలోని నల్ల కెమెరాయే గుర్తొస్తుంది. అందుకే ఆ కంపెనీ స్కోపులు మానేసిందన్న మాట కన్నా, ఇన్నాళ్లూ చేసిందన్న మాటే చాలామందికి వింతగా తోచింది. చరిత్ర తిరగేస్తే సంగతి తలకిందులవుతుంది. ఆ ఇంట్లో గురి చూసే గాజే పెద్దకొడుకు, కెమెరా చాలా ఆలస్యంగా పుట్టిన చిన్నోడు.

స్కోపు కథ మొదలైంది తుపాకీ దగ్గర కాదు, ఆకాశం దగ్గర. 1640 ప్రాంతంలో ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర విలియం గాస్కాయిన్ అనే యువకుడు దుర్బిణితో గ్రహాలను పరిశీలిస్తుండేవాడు. ఒకనాడు ఆ గొట్టంలో సాలెపురుగు పోగు ఒకటి అడ్డుపడింది. సరిగ్గా ప్రతిబింబం ఏర్పడే చోట పడడంతో, దూరాన ఉన్న వస్తువూ ఆ పోగూ రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించాయి. దుర్బిణిని దూరపు బిందువు మీదికి కచ్చితంగా తిప్పే కిటుకు అతనికి అలా దొరికింది. తర్వాత గాస్కాయిన్ అంతర్యుద్ధంలో రాజు పక్షాన చేరి, 1644లో మార్‌స్టన్ మూర్ పోరులో చనిపోయాడని చెబుతారు. అతను కనిపెట్టిన గురి గీతలు తుపాకీ మీదికి ఎక్కడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

ఆ పని అమెరికాలో జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ చాప్‌మన్ అనే ఇంజనీరు 1844లో రైఫిళ్ల మీద ఒక పుస్తకం రాశాడు. యూటికాలో తుపాకులు చేసే మోర్గాన్ జేమ్స్‌తో కలిసి రూపొందించిన స్కోపును అందులో వర్ణించాడు. అది రైఫిల్ గొట్టమంత పొడుగుండే సన్నటి లోహపు గొట్టం. 1855లో సిరక్యూస్‌లో విలియం మాల్కం రంగులు చెదరని జంట కటకాలతో మేలైన స్కోపులు చేయడం మొదలుపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో గురికాళ్లు వాడినవి ఇలాంటివే. సాధారణ వేటగాడికి అందుబాటు ధరలో స్కోపు దొరికింది మాత్రం 1930లో, బిల్ వీవర్ చేతుల మీదుగా. లోపల ఆవిరి పట్టే బెడద 1947 దాకా వదల్లేదు. ఒరెగాన్‌కు చెందిన ల్యూపోల్డ్ కంపెనీ ఆ ఏడాది గొట్టంలో నైట్రోజన్ నింపి మూసేసింది. గాజు మసకబారి చేతికందిన జింక తప్పిపోవడంతో యజమానికి ఈ పట్టుదల కలిగిందని ఆ కంపెనీవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

స్కోపు లోపలి అమరిక పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు కటకం బొమ్మను తలకిందులుగా పడేస్తుంది. మధ్యలోని కటకాలు దాన్ని తిరగేసి నిలబెడతాయి. వెనక కటకం కంటికి పెద్దదిగా చూపిస్తుంది. 3-9×40 అని రాసి ఉంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా పెద్దది చేస్తుందనీ, ముందు కటకం వెడల్పు 40 మిల్లీమీటర్లనీ అర్థం. పైనా పక్కనా ఉన్న గుండీలను ఒక్క ‘క్లిక్’ తిప్పితే, చాలా స్కోపుల్లో నూరు గజాల దూరాన గురి పావు అంగుళం జరుగుతుంది. అసలు పరీక్ష తూటా పేలాక మొదలవుతుంది. కెమెరా కటకం గాజుపెట్టెలో పెట్టినంత భద్రంగా బతుకుతుంది. స్కోపుకు మాత్రం పేలిన ప్రతిసారీ ఒక తన్ను తప్పదు. వెయ్యి తన్నుల తర్వాత కూడా గురి గీతలు మొదటి చోటునే ఉండాలి. కంటికీ గాజుకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం లేకపోతే ఆ తన్నుకు కనుబొమ చిట్లుతుంది. అందుకే కొనేవాడు గాజు స్వచ్ఛతతో పాటు గురి నిలకడనూ అంతే పట్టుగా చూస్తాడు.

ఇక నికాన్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి కటకాల సరఫరా నిలిచిపోయింది. జపాన్ నౌకాదళానికి పెరిస్కోపులు, దూరమాపకాలు సొంతంగా చేసుకోక తప్పలేదు. 1917 జూలై 25న మిత్సుబిషి పెట్టుబడితో, చిన్నపాటి కటకాల తయారీదార్లను కలిపి, నేటి నికాన్‌కు మూలమైన నిప్పన్ కొగాకు సంస్థను ప్రారంభించారు. 1921లో ఎనిమిది మంది జర్మన్ నిపుణులను రప్పించి పనితనం నేర్చుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలానికి యమాటో యుద్ధనౌకకు 15 మీటర్ల వెడల్పున్న దూరమాపకాన్ని చేసే స్థాయికి ఎదిగారు. రెండు చివర్ల నుంచి చూసే చూపుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే, శత్రు నౌక దూరం అంత కచ్చితంగా తేలుతుంది. ఫిరంగి గురికి అదే ఆధారం.

1945లో ఓటమితో సైన్యం ఆర్డర్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఎన్నో ఫ్యాక్టరీలున్న సంస్థ బాగా చిక్కిపోయింది. బతకడానికి పౌరులు కొనే సరుకు కావాలి. అలా వచ్చిందే 1948 నాటి మొదటి నికాన్ కెమెరా. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ ఈ కంపెనీ కటకాలను చూసి మెచ్చి, కొరియా యుద్ధానికి తన కెమెరాకు బిగించుకుని వెళ్లాడు. జర్మనీ గాజుకు దీటైనది జపాన్‌లో ఉందని అమెరికాకు తెలిసింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక పత్రికా ఫొటోగ్రాఫర్లకు అదే ప్రామాణికమైంది. 1980లో కంపెనీ చిప్‌ల మీద గీతలు అచ్చువేసే యంత్రాలనూ అమ్మకానికి తెచ్చింది.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే నికాన్ రైఫిల్ స్కోపు అమెరికా దుకాణాల్లోకి అడుగుపెట్టింది. ఈసారి సైన్యం కోసం కాదు, జింకలు వేటాడే సామాన్యుల కోసం. స్వదేశంలో ఈ సరుకుకు బజారు నామమాత్రం. జపాన్‌లో రైఫిల్ లైసెన్సు కావాలంటే ముందు పదేళ్లు షాట్‌గన్‌తో మచ్చలేకుండా గడపాలి. కాబట్టి కొనుగోలుదారుడు సముద్రం అవతలివాడే. ప్రోస్టాఫ్, బక్‌మాస్టర్స్, మొనార్క్ వంటి పేర్లతో మధ్యతరగతి ధరలకు నికాన్ స్కోపులు దిగాయి. దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి జారుతుంది కదా. అందుకని గురి గీత కింద చిన్న చిన్న సున్నాలు వేసి, ఏ దూరానికి ఏ సున్నా వాడాలో లెక్కగట్టే ‘స్పాట్ ఆన్’ ప్రోగ్రామునూ ఇచ్చింది. తర్వాత వేట తుపాకులను దాటి, సైనిక రైఫిళ్లను పోలిన ఏఆర్ తరహా రైఫిళ్ల కోసం ఎం-223 శ్రేణినీ తెచ్చింది.

మరి ఎందుకు దిగిపోయింది? 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచానికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైమాటే. 2019 నాటికి అవి కోటిన్నరకు పడిపోయాయి. ఫోను చిన్న కెమెరాను మింగేసింది. నికాన్ 2017లో చైనాలోని వూషీ ఫ్యాక్టరీని మూసేసింది. 2020 మార్చితో ముగిసిన ఏడాదిలో కెమెరాల విభాగం సుమారు 1,700 కోట్ల యెన్ల నష్టం చూపింది. ఇల్లు సర్దుకునే వేళ ప్రతి చిన్న వ్యాపారమూ లెక్కకు వస్తుంది.

అటు స్కోపుల బజారూ మారింది. జపాన్, ఫిలిప్పీన్స్, చైనాల్లోని కాంట్రాక్టు ఫ్యాక్టరీలు ఎవరి పేరు కావాలంటే ఆ పేరుతో మంచి స్కోపు చేసి ఇస్తున్నాయి. విస్కాన్సిన్‌కు చెందిన వోర్టెక్స్, విరిగినా పగిలినా ఏ ప్రశ్నా లేకుండా బాగుచేసిస్తామన్న హామీతో వేటగాళ్లను తన వైపు తిప్పుకుంది. గాజు పనితనం ఒక్కటే ఆధిక్యంగా ఉన్న కెమెరా కంపెనీకి మధ్యస్థపు ధరలో ఆ ఆధిక్యం కరిగిపోయింది. తుపాకీతో పేరు ముడిపడడంలోని చిక్కునూ ఆ రోజుల్లోనే అందరూ చూశారు. ఫ్లోరిడా పాఠశాలలో కాల్పుల తర్వాత, 2018 మార్చిలో అమెరికాలో విహార సామగ్రి అమ్మే ఆర్ఈఐ దుకాణాలు విస్టా అవుట్‌డోర్ కంపెనీకి కొత్త ఆర్డర్లు ఆపేశాయి. ఆర్ఈఐ దాని నుంచి కొన్నవి నీళ్ల సంచులు, హెల్మెట్ల వంటివే అయినా, ఆ మాతృసంస్థ తుపాకులూ తూటాలూ కూడా అమ్మేది.

కెమెరా కంపెనీలన్నీ ఈ దారే పట్టలేదు. వేట సంప్రదాయం బలంగా ఉన్న జర్మనీలో జైస్ స్కోపులు చేస్తూనే ఉంది. లైకా అయితే 2010 ప్రాంతంలో కొత్త స్కోపులను బజారులోకి తెచ్చింది. మన మచిలీపట్నంలో కటకాల నడక ఇంకో దిక్కుకు సాగింది. శాస్త్ర పరికరాలు చేసే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు అక్కడ సైనికులు చీకట్లో చూసే పరికరాలు తయారవుతున్నాయి.

కటకం ఎటు పోవాలో దాన్ని చేసే చేయి తేల్చదు, కొనే చేయి తేలుస్తుంది. నిప్పన్ కొగాకుకు 1945 దాకా సైన్యమే ప్రధాన ఆధారం. అది పోయినప్పుడు సంస్థ పునాదులే కదిలాయి. 2020లో వదులుకున్నది పరాయి దేశపు వేటగాణ్ని. అతను లేకపోయినా కెమెరాలు, చిప్ యంత్రాలు, సూక్ష్మదర్శినులు మిగిలాయి. ల్యూపోల్డ్‌కు స్కోపే బతుకు, నికాన్‌కు అది గాజు పని వచ్చు కాబట్టి చేసిన సరుకుల్లో ఒకటి. అలాంటి సరుకు లాభం తగ్గిన రోజే బల్ల మీంచి దిగిపోతుంది.