మగ్గం గుంట నుంచి టిడ్కో అపార్ట్‌మెంట్ దాకా: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో గృహ సహాయ చరిత్ర

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- పేదల సొంత ఇంటికి సంస్థలు, ప్రభుత్వాలు అందించిన సహాయం కాలక్రమంలో ఎలా మారిందో వివరించగలుగుతారు.
- ఇల్లు కట్టించడానికి, ఇంటికి యజమానిని చేయడానికి మధ్య ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

పరిచయం

మీ ఊళ్లో ప్రభుత్వ సహాయంతో కట్టిన ఇల్లు ఒకటైనా ఉండే ఉంటుంది. దాన్ని చూసి మనం సాధారణంగా 'ఎంత డబ్బు ఇచ్చారు?' అని అడుగుతాం. చరిత్ర విద్యార్థి మరో మూడు ప్రశ్నలు కూడా వేయాలి. ఆ డబ్బు గ్రాంటా, అప్పా? ఇంటి మీద హక్కు ఎవరి చేతికి, ఎప్పుడు వచ్చింది? ఆ ఇంట్లో ఉంటూ ఆ కుటుంబం తన పని చేసుకోగలిగిందా? ఈ ప్రశ్నలకు కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం మంచి ఉదాహరణ. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపొందిన పట్టణం, ఎమ్మిగనూరు చేనేతకు. చుట్టుపక్కల పల్లెలు వానమీద ఆధారపడిన మెట్ట పల్లెలు.

సహకార సంఘం: ఇల్లే పనిచోటు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో భాగం. ఎమ్మిగనూరు అప్పుడు ఆ తాలూకాలోనిదే. అక్కడ 1938లో మాచాని సోమప్ప నాయకత్వంలో చేనేత కార్మికుల సహకార సంఘం ఏర్పడింది. నూలు కోసం, అమ్మకం కోసం షావుకారు మీద ఆధారపడిన నేతగాళ్లకు సొంత సంస్థను కల్పించడం దాని లక్ష్యం. ఈ సేవకు గుర్తింపుగా 1954లో సోమప్పకు పద్మశ్రీ లభించింది. ఎమ్మిగనూరులో నేటికీ ఉన్న వీవర్స్ కాలనీ ఈ సహకార ఉద్యమం మిగిల్చిన గుర్తుల్లో ఒకటి.

నేతగాడికి ఇల్లంటే ఏమిటో ఇక్కడ ఆలోచించండి. గుంట మగ్గానికి నేలలో గుంట తవ్వాలి. కండెలు చుట్టడానికి ఇంట్లో చోటుండాలి. పడుగు సరిచేయడానికి ఆరుబయట పొడవైన స్థలం కావాలి. ఇంటిల్లిపాదీ పనిలో పాలుపంచుకుంటారు. అంటే నేతగాడి ఇల్లు నివాసం, కార్ఖానా రెండూ. సహకార సంఘం ఒకేచోట నూలు, అమ్మకం, నివాసం గురించి ఆలోచించగలిగింది కాబట్టే కాలనీకి అర్థం ఏర్పడింది. 1953లో కేంద్రం మిల్లు వస్త్రంపై అదనపు ఎక్సైజ్ సుంకం విధించి, ఆ రాబడిని ఖాదీ, చేనేత అభివృద్ధికి కేటాయించింది. నేతగాళ్ల గృహ నిర్మాణానికి సహాయం కూడా ఆ రోజుల్లో చేనేత విధానంలో ఒక అంశమే.

ప్రభుత్వ కార్పొరేషన్: యూనిట్‌గా మారిన ఇల్లు

1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత ఎన్.టి. రామారావు ప్రభుత్వం పేదలకు పక్కా ఇళ్ల కార్యక్రమాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. 1985-86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజనను, 2006లో రాష్ట్రం ఇందిరమ్మ పథకాన్ని ప్రారంభించాయి. గుడిసె స్థానంలో గోడలు, పైకప్పు వచ్చాయి. ఇది చిన్న మార్పు కాదు.

అయితే సహాయం ఇప్పుడు 'యూనిట్' లెక్కన సాగింది. ఎవరి వృత్తి ఏదైనా యూనిట్ ఒక్కటే. పైగా బిల్లు దశలవారీగా వస్తుంది. పునాది అయ్యాక కొంత, పైకప్పు మట్టానికి వచ్చాక కొంత, కప్పు వేశాక కొంత. ముందుగా కొంత డబ్బు చేతిలో ఉన్నవారికి ఈ పద్ధతి ఇబ్బంది కాదు. కానీ ఆదోని చుట్టుపక్కల పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఖరీఫ్ ముగిశాక గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరుకు కూలి పనులకు వలస వెళ్తాయి. పని దొరికే నెలల్లో ఊళ్లో ఉంటే కూలి పోతుంది. ఊరు విడిచి వెళితే గోడలు ఆగిపోతాయి. పథకం నియమం ఒకటే అయినా ఫలితం అందరికీ ఒకటి కాకపోవడానికి ఇది ఒక కారణం.

హక్కు ఎప్పుడు వచ్చింది?

ఈ సహాయంలో కొంత భాగం అప్పు. గృహ నిర్మాణ సంస్థకు ఆ అప్పు తీరేదాకా ఇంటిపై పూర్తి హక్కు పత్రం లేదు. 2021 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సంపూర్ణ గృహ హక్కు పథకాన్ని ప్రారంభించింది. 1983 నుంచి 2011 వరకు తీసుకున్న అప్పులను ఒకేసారి పరిష్కరించుకునే అవకాశం ఇచ్చింది. గ్రామాల్లో రూ.10,000, ఆదోని, ఎమ్మిగనూరు వంటి పురపాలికల్లో రూ.15,000, నగరపాలికల్లో రూ.20,000 చెల్లిస్తే స్పష్టమైన హక్కు ఇస్తామంది. ఒక పక్క ఇది ఉపశమనం. మరో పక్క ఇది సాక్ష్యం. 1983లో ఇంట్లో చేరిన కుటుంబం, 38 ఏళ్లు అందులో కాపురం చేశాక కూడా, ఆ ఇంటిని అమ్మడానికో తాకట్టు పెట్టడానికో తగిన పత్రం లేకుండా ఉండిపోయే పరిస్థితి ఉండేదని ఆ పథకమే ఒప్పుకుంది.

కొత్త రూపాలు

2015 జూన్ 25న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం మొదలైంది. దాని కింద టిడ్కో సంస్థ రాష్ట్రంలోని పట్టణాల్లో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లను గ్రౌండ్ ఫ్లోరు పైన మూడు అంతస్తులుగా చేపట్టింది. ఆదోని, ఎమ్మిగనూరులకు కూడా ఇవి వచ్చాయి. 2020 డిసెంబరు 25న రాష్ట్రం పట్టణాల్లో 1 సెంటు, గ్రామాల్లో 1.5 సెంట్ల ఇళ్ల స్థలాల పంపిణీ ప్రారంభించింది. పట్టాలు మహిళల పేరిట ఇవ్వడం ఇందులో మెచ్చదగిన అంశం. 1 సెంటు అంటే 48.4 చదరపు గజాలు.

ఇప్పుడు మొదటి అధ్యాయానికి తిరిగి రండి. రెండో అంతస్తు ఫ్లాట్‌లో మగ్గం గుంట ఎక్కడ తవ్వాలి? 1 సెంటులో వంటిల్లు, పడక, మగ్గం ఎలా ఇమడాలి? నేతగాడు ఆ ఇంటికి మారితే నేత మానాలి, లేదా పనికి వేరే చోటు అద్దెకు తీసుకోవాలి. అద్దె తప్పించడానికి ఇచ్చిన ఇల్లే మరో అద్దెకు దారి తీస్తుంది.

సారాంశం

ఈ ప్రాంతంలో గృహ సహాయం విస్తరించింది. సహకార సంఘం సభ్యులకు పరిమితమైనది రాష్ట్రమంతటా చేరింది. కానీ విస్తరిస్తున్న కొద్దీ, ఇంట్లో ఉండే మనిషి పని ఏమిటన్న ప్రశ్న వెనక్కి వెళ్లింది. కప్పు, పత్రం, పని ఈ మూడూ కలిసినప్పుడే సహాయం సొంత ఇల్లవుతుందని ఈ చరిత్ర మనకు చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నేతగాడి ఇల్లు నివాసం, కార్ఖానా రెండూ ఎలా అయిందో వివరించండి.
2. దశలవారీ చెల్లింపు వలస కుటుంబాలపై చూపే ప్రభావాన్ని చర్చించండి.
3. కృత్యం: మీ వీధిలో ప్రభుత్వ సహాయంతో కట్టిన ఒక ఇంటి పెద్దలను కలవండి. ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారు, హక్కు పత్రం ఏ సంవత్సరంలో అందింది అని అడిగి తెలుసుకోండి. రెండింటి మధ్య ఎన్నేళ్లు గడిచాయో, ఆ మధ్యలో ఏం జరిగిందో ఒక పుటలో రాయండి.