నియంత్రిత పంపిణీకి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు

వందలు, వేల కొద్దీ కంప్యూటర్లకు, ట్యాబ్‌లకు ఒకే చోటు నుంచి ప్రోగ్రాములు పంపి, వాటంతట అవే ఇన్‌స్టాల్ అయ్యేలా చూసి, తర్వాతి అప్‌డేట్లను, తొలగింపులను కూడా అక్కడి నుంచే నడిపే పద్ధతి నియంత్రిత సాఫ్ట్‌వేర్ పంపిణీ. ఇందులో ప్రోగ్రాము ఒక్కటే ప్రయాణం చేయదు. ఇన్‌స్టాలరు, ఆ సంస్థకు కావలసిన సెట్టింగులు, ఏ మెషీన్లలో వేయాలి, పడిందో లేదో ఎలా చూడాలి, తీసేయాలంటే ఏ ఆదేశం ఇవ్వాలి అన్నవన్నీ కలిపి ఒక ప్యాకేజీగా కడతారు. తయారీదారు ఇచ్చిన ఇన్‌స్టాలరును ఉన్నదున్నట్టు వాడితే సరిపోయే చోట్లు తక్కువ. తెలుగులో పని జరిగే కార్యాలయాల్లో ఇంకా తక్కువ. ఫాంట్లు, కీబోర్డులు, భాష సెట్టింగులు ఎవరికి వారే కూర్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి మామూలు ఇళ్ల దాకా వచ్చింది ట్యాబ్‌లతోనే. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు శాంసంగ్ ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ప్రకటించిన సంఖ్య 5,18,740. నెట్ లేకపోయినా చూసుకునేలా ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ పాఠాలు ముందే ఎక్కించారు. చదువుకు సంబంధం లేనివి తెరుచుకోకుండా మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వేశారు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. అయిదు లక్షల పరికరాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని సరిచేయడం ఏ శాఖకూ సాధ్యం కాదు. అంత పెద్ద ఎత్తున ఇస్తే పరికరాన్ని దూరం నుంచి నడపడం తప్ప దారి లేదు.

దూరం నుంచి నడపాలంటే ముందు పరికరాలను గుంపులుగా విడదీయాలి. ఇక్కడే చిత్తూరు జిల్లా మంచి పాఠం చెబుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత చిత్తూరు జిల్లాలోని శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు నుంచి గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట వచ్చి అందులో చేరాయి. మదనపల్లె, పీలేరు అన్నమయ్య జిల్లాకు పోయాయి. 'చిత్తూరు' అన్న పేరు మీద గుంపు కట్టుకున్న వ్యవస్థ ఏదైనా ఆ ఉదయానికి తప్పు జాబితాతో నిద్రలేచినట్టే. శ్రీకాళహస్తి మెషీను ఇంకా చిత్తూరు సర్వరు వైపే చూస్తుంటుంది, గూడూరు మెషీనుకు తిరుపతి సెట్టింగు అందదు. అందుకే పరికరాన్ని జిల్లా పేరుతో కాక, బడికి ఉండే 11 అంకెల యూడైస్ కోడు లాంటి గుర్తుతో కట్టి, జిల్లాను మార్చుకోదగిన వివరంగా పక్కన ఉంచడం మేలు.

విండోస్ ప్రపంచంలో నేటి పద్ధతికి పునాది 1999లో పడింది. ఆఫీస్ 2000తో పాటు వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్, ఎంఎస్‌ఐ అనే ఫైలు రూపాన్ని తెచ్చింది. నిజానికి ఎంఎస్‌ఐ ఒక చిన్న డేటాబేస్. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలి, రిజిస్ట్రీలో ఏం రాయాలి అన్నవి పట్టికల్లో ఉంటాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా, మార్పులను మాత్రం ట్రాన్స్‌ఫారం అనే వేరే ఫైలులో రాసి జతచేయవచ్చు. దానివల్ల రేపు తయారీదారు కొత్త వెర్షన్ ఇచ్చినా మన మార్పులు మన దగ్గరే భద్రంగా ఉంటాయి. ఈ ప్యాకేజీలను పంచే పని మొదట 1994 నాటి సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్, దాని వారసుడు కాన్ఫిగరేషన్ మేనేజర్ చేశాయి. 2011లో వచ్చిన ఇంట్యూన్ అదే పనిని ఇంటర్నెట్ మీదికి తెచ్చింది.

ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఎదురుగా మనిషి ఉండడు. 'నెక్స్ట్' నొక్కేవారు లేరు. కాబట్టి ప్రశ్నలేవీ అడగకుండా నిశ్శబ్దంగా నడిచేలా ఆదేశం ఇవ్వాలి, ముగిశాక అది ఇచ్చే సంఖ్యను చదవాలి. 0 అంటే పని పూర్తయింది. 3010 అంటే పూర్తయింది గానీ రీస్టార్ట్ కావాలి. 1618 అంటే ఇంకో ఇన్‌స్టాలేషన్ నడుస్తోంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. 1603 మాత్రం అసలైన వైఫల్యం. 3010ని వైఫల్యంగా లెక్కగడితే సర్వరు పడిన ప్రోగ్రామునే మళ్లీ మళ్లీ వేస్తూ పోతుంది.

ఇక తెలుగు సంగతి. ఒక కార్యాలయంలో గౌతమి ఫాంటులో తయారైన పాత ఉత్తర్వులు, నమూనా పత్రాలు ఉన్నాయనుకుందాం. గౌతమి విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చింది, వాణి విండోస్ 7తో, నిర్మలా యూఐ విండోస్ 8తో. విండోస్ 10 వచ్చేసరికి గౌతమి, వాణి రెండూ ఐచ్ఛిక భాగాల్లోకి మారాయి. తెలుగును భాషగా చేర్చని మెషీనులో అవి ఉండవు. పాత పత్రం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, కానీ వేరే ఫాంటులో. వరుసలు జరుగుతాయి, ఒక పేజీ పత్రం రెండు పేజీలవుతుంది. ఇది ప్రింటు తీసేదాకా ఎవరూ గమనించరు.

పరిష్కారం ఆ ఐచ్ఛిక భాగాన్ని ప్యాకేజీగా పంపడం. అక్కడా ఒక చిక్కుంది. అప్‌డేట్లను సంస్థ సొంత సర్వరు నుంచే తీసుకోమని కట్టడి చేసిన మెషీన్లు ఈ భాగాన్ని కూడా అక్కడే వెతుకుతాయి. దొరకక 0ఎక్స్800ఎఫ్0954 అనే లోపంతో ఆగిపోతాయి. ఐచ్ఛిక భాగాల్ని మాత్రం నేరుగా విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకోనిచ్చే గ్రూప్ పాలసీని ముందుగా పంపితేనే పని ముందుకు సాగుతుంది.

కీబోర్డుది ఇంకో తీరు. తెలుగు టైపిస్టుల్లో కొందరు ఇన్‌స్క్రిప్టుకు అలవాటు పడ్డారు. డీటీపీ నుంచి వచ్చినవారికి ఆపిల్ కీబోర్డే చేయి తిరిగిన అమరిక. 2019లో విండోస్ 10 అప్‌డేట్‌తో వచ్చిన ఫొనెటిక్ కీబోర్డు కొత్తవారికి హాయి. సొంత అమరిక కావాలంటే మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌తో తయారుచేసుకోవచ్చు, అది ఎంఎస్‌ఐ రూపంలోనే ఇస్తుంది. అయితే పంపిణీ సర్వరు ప్యాకేజీని నడిపేది సాధారణంగా సిస్టమ్ ఖాతా కింద. కీబోర్డు ఎంపికేమో ఒక్కొక్క వాడుకరి ఖాతాకు చెందిన సెట్టింగు. ఎంపికను కూడా అదే ప్యాకేజీలో పెడితే కీబోర్డు సిస్టమ్ ఖాతాకు చేరి కూర్చుంటుంది. నివేదికలో 'విజయవంతం' అని వస్తుంది, ఉద్యోగి తెరమీద మాత్రం కీబోర్డు కనపడదు. అమరిక ఫైళ్లను సిస్టమ్ ఖాతాతో వేసి, ఎంపికను మాత్రం వాడుకరి లాగిన్ అయినప్పుడు విడిగా నడపాలి. కుప్పం, నగరి, సత్యవేడు వైపు తెలుగుతో పాటు తమిళం, కొన్నిచోట్ల కన్నడం కూడా కావాలి. అలాంటప్పుడు మూడు ప్యాకేజీలు కట్టనక్కర్లేదు. ఒకే ప్యాకేజీలో మూడు అమరికలూ ఉంచి, ఎంపికను గుంపును బట్టి పంపితే నిర్వహణ తేలిక.

ఫాంటును ప్యాకేజీలో పెట్టే ముందు లైసెన్సు చూడాలి. విండోస్‌తో వచ్చే ఫాంట్లను విడిగా పంచే హక్కు అందరికీ ఉండదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురన్న, గిడుగు లాంటివి, శ్రీకాళహస్తి కవి పేరు పెట్టుకున్న ధూర్జటి కూడా, ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి గనుక నిశ్చింతగా పంచవచ్చు. లినక్సులో ఈ పని ఏనాడో జరిగిపోయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో సిద్ధమైన ప్యాకేజీగా దొరుకుతాయి. సంస్థ చేయవలసిందల్లా కావలసిన ఫాంట్లను, కీబోర్డులను ఆధారాలుగా పేర్కొనే ఒక చిన్న మెటా ప్యాకేజీ రాయడమే.

'ఇది ఇప్పటికే ఉందా?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పే గుర్తింపు నియమం ప్యాకేజీలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. చాలామంది ఎంఎస్‌ఐ ప్రొడక్ట్ కోడునే గుర్తుగా పెడతారు. ప్రోగ్రాము తనంతట తాను అప్‌డేట్ అయితే ఆ కోడు మారిపోవచ్చు. అప్పుడు సర్వరు ప్రోగ్రాము లేదనుకుని పాత వెర్షన్‌ను మళ్లీ వేయబోతుంది. ఫైలు వెర్షన్ 'ఇంత లేదా అంతకంటే ఎక్కువ' అని రాయడం నయం. ఈఏపీసెట్ లాంటి ప్రవేశ పరీక్షలు కంప్యూటర్ మీదే జరుగుతున్న రోజుల్లో, కళాశాల ల్యాబులో ఒక్క మెషీనుకు వేరే వెర్షన్ పడినా ఆ కుర్చీలోని విద్యార్థికి అన్యాయమే. పరీక్షల తేదీల్లో పంపిణీని పూర్తిగా ఆపి ఉంచాలి. కొత్త ప్యాకేజీని మొదట కొద్ది మెషీన్లలో వేసి చూశాకే మిగతావాటికి వదలాలి.

ఆండ్రాయిడ్‌లో ప్యాకేజీ రూపం ఏపీకే. ప్రతి ఏపీకే మీద తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. అదే సంతకంతో వస్తేనే అప్‌డేట్ పడుతుంది. సంతకం తాళం పోగొట్టుకున్న శాఖ పాత యాప్‌ను తీయించి కొత్తది వేయించాలి, దాంతో పరికరంలో దాచిన సమాచారం పోతుంది. వాట్సాప్‌లో ఏపీకే పంపి వేసుకోమనే అలవాటు ప్రమాదకరం. అలా వేసినదాని వెర్షన్ మీద ఎవరికీ అదుపుండదు, నకిలీదేదో క్షేత్రస్థాయి ఉద్యోగి కనిపెట్టలేడు. సంస్థ యాప్‌ను మేనేజ్డ్ గూగుల్ ప్లేలో ప్రైవేటుగా ఉంచే వీలు ఉండగా ఆ దారి తొక్కనవసరం లేదు.

తొలగింపు గురించి మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. 2024 జులై 16న జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) బెంగళూరు ధర్మాసనం, ఆ ట్యాబ్‌లకు పాఠాలిచ్చిన బైజూస్ మాతృసంస్థ థింక్ అండ్ లెర్న్‌పై దివాలా ప్రక్రియకు అనుమతించింది. సరఫరాదారు ఎంత పెద్దదైనా యాప్ ఆయుష్షు సంస్థ ఆయుష్షుతో ముడిపడి ఉంటుంది. ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, తొలగించే ఆదేశం ఏది, వాడుకరి సమాచారం ఎక్కడ ఉంది అన్నవి ప్యాకేజీ వివరాల్లోనే ఉండాలి. విండోస్‌లో మరో జాగ్రత్త. ఇన్‌స్టాల్ అయిన ప్రతి ఎంఎస్‌ఐ నకలు విండోస్ ఫోల్డరులోని ఇన్‌స్టాలర్ అనే దాగిన ఫోల్డరులో ఉంటుంది. డిస్కులో చోటు చాలడం లేదని దాన్ని ఖాళీ చేస్తే ప్రోగ్రాములు మామూలుగానే నడుస్తాయి, కానీ వాటిని తీసేయాలన్నా, పై వెర్షన్‌కు మార్చాలన్నా అసలు ఇన్‌స్టాలరును మళ్లీ వెతికి తెచ్చి ఇవ్వాల్సి వస్తుంది.