ఇంజిన్ కింది రబ్బరు ముక్క కథ

వేలూరు నుంచి గుడియాత్తానికి పెళ్లిళ్లకు పెద్దవాళ్లను కార్లోనే తీసుకెళ్తాం. టైర్లు చూస్తాం, ఇంజిన్ మౌంట్లు చూడం.

తొలినాళ్లలో ఇంజిన్‌ను ఛాసిస్‌కు నేరుగా బిగించేవారు, వణుకంతా కూర్చున్నవాళ్లకే. 1931లో క్రైస్లర్ సంస్థ ప్లిమత్ కారులో రబ్బరు మౌంట్లతో ఆ వణుకు తగ్గించింది. అయితే రబ్బరు ఎండుతుంది, ఆయిల్ తగిలితే ఉబ్బి చీలుతుంది. 1960ల షెవర్లే కార్లలో మౌంట్ తెగితే ఇంజిన్ పైకి లేచి యాక్సిలరేటర్‌ను లాగేసేది, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ గొట్టమూ ఊడేది. 1971లో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ఇంజిన్ లేవకుండా కేబుల్ కట్టింది.

ఇప్పటి బండ్లలోనూ ఒక మౌంట్ పోతే భారం మిగతావాటి మీద పడుతుంది, గొట్టాలు, యాక్సిల్ దెబ్బతింటాయి. గేరు వేయగానే దడేల్‌మంటే, ముహూర్తం దాకా ఆగకుండా మెకానిక్‌కు చూపిద్దాం.