తుంటికీలు కథ

శ్రోతలారా! మన పల్లెలలో ఒక ముదుసలి కాలుజారి పడి తుంటి విరిగెనన్న వార్త వినినంతనే ఇరుగుపొరుగువారు గొంతు తగ్గించి మాటాడుట మీరెల్లరు ఎఱిగినదే. విరిగినది ఎముక మాత్రమే; అయినను ఇక ఆ మనిషి లేవడను మాట ఆ తగ్గిన గొంతులో దాగియుండును. ఆ భయము మూఢనమ్మకము కాదు. తరతరములుగా కంటికి కనబడిన సత్యమే. ఆ సత్యము ఎప్పుడు, ఎట్లు మారినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము. నిరుడు నాకే ఎడమ తుంటికీలు తీసివేసి లోహపు కీలు పెట్టిరి గనుక, చరిత్రతో పాటు నా దేహము చెప్పిన సాక్ష్యమును అక్కడక్కడ కలుపుదును.

తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి, కటియెముకలోని గిన్నెలో తిరుగుచుండును. ఆ బంతికి క్రింద సన్నని మెడ కలదు. ముదిమిలో ఎముక గుల్లబారినపుడు తఱచుగా విరుగునది ఆ మెడయే. మెడ విరిగినచో బంతికి నెత్తురు పోవు దారి తెగును. నెత్తురు లేని ఎముక అతుకుట కష్టము. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టును నేను తక్కువచేసి పలుకను. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలతో చేతుల నతికించిన కీర్తి ఆ యూరికి ఊరక రాలేదు. కాని మాంసము క్రింద ఇంత లోతున దాగిన మెడకు బద్ద ఎక్కడ కట్టుదురు? తుంటి విరిగినవారిని కట్టు కొఱకు ఊరూర త్రిప్పుచు దినములు గడపుట నేను చూచితిని. అది వలదని చెప్పుటకు నాకు జంకు లేదు.

విరుగకయే కీలు అరిగిపోవుట మఱియొక దారి. నాది అది. మొదట గజ్జలో నొప్పి, తరువాత కుంటు, తుదకు ప్రక్క మార్చినపుడెల్ల మెలకువ.

ఋగ్వేదములో విశ్పల కథ కలదు. యుద్ధమున కాలు తెగిన ఆమెకు అశ్వినీదేవతలు లోహపు జంఘను సమకూర్చిరని స్తుతి. దీనిని పట్టుకొని మనవారు ఆనాడే కీళ్లు మార్చిరని వాదించువారు కలరు. వేదము చదివినవాడను గనుకనే ఈ వాదము నాకు రుచింపదు. అది దేవతాస్తోత్రము గాని వైద్యుని దినచర్య గాదు. అందు నాకు నచ్చినది వేఱొకటి: ఆమెకు ఆ కాలు ఇచ్చినది కదలిపోవుటకే యని ఋషి చెప్పెను.

సుశ్రుతుడు మాత్రము వైద్యునివలెనే మాటాడెను. తొడ విరిగినవానికి ఆయన కపాటశయనమును విధించెను. అనగా తలుపు వంటి పలకపై పరుండబెట్టి, అయిదు మేకులు పాతి, కాలు కదలకుండ బంధించుట. శస్త్రమునకు ముందు నొప్పి తెలియకుండుటకై మద్యము త్రాగింపుమనియు చెప్పెను. పడమటి దేశములలోను నిన్నమొన్నటి దాక ఇంతకు మించినది లేదు. ఇసుకమూటలు, కప్పీలు, బరువులు. వారముల తరబడి వెల్లకిల పరుండుట. యువకుడు ఆ శయనమును దాటి లేచును. వృద్ధునకు వీపున పుండ్లు పడును, రొమ్మున కఫము చేరును, కాలి నరములలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు ప్రాకును. విరిగిన తుంటి మనిషిని చంపలేదు, మంచము చంపినది.

ఎముకను కోసి బాగుచేయుటకు తొలి ఆటంకము నొప్పి. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు పీల్పించి నొప్పి లేకుండ కోసి చూపిరి. చిత్రమేమనగా మన హైదరాబాదు వైద్య పాఠశాల పుట్టినదియు ఆ 1846లోనే. మఱుసటి యేడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. 1848 జనవరిలో ఇంగ్లండున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, కొన్ని నిమిషములలో మరణించెను. గుండె ఆగుట వలననా, ఊపిరి ఆగుట వలననా? నలుబదియేండ్లు తెగని ఈ తగవును తీర్చబూనినది మన నగరమే.

అప్పటి రెసిడెన్సీ వైద్యుడును, వైద్య పాఠశాల యధిపతియు నైన ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని కనిపెట్టియున్నచో గుండెకు భయము లేదని నమ్మినవాడు. 1888లో ఇక్కడ ఒక విచారణ సంఘము కూడి ఆ మాటయే చెప్పెను. లండనులోని లాన్సెట్ వైద్యపత్రిక సందేహించెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేయి పౌనులు ఇచ్చి, మీ మనిషినే పంపి చూచుకొనుడనెను. 1889లో లాడర్ బ్రంటన్ అను పేరుమోసిన వైద్యుడు వచ్చి రెండవ సంఘమున కూర్చుండెను. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో వందలకొలది కుక్కలు, మఱి కోతులు, గుఱ్ఱములు, మేకలు ఆ పరీక్షలలో ప్రాణములు బాసినవి. వాని పేర ఒక రాయియైనను లేకపోవుట నాకు లోపముగా తోచును. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తు ఇచ్చుటలో ఆఱితేరి, ప్రపంచమునందే తొలి మత్తువైద్యురాలిగా పేరొందెను. సంఘము లారీ పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పు నిలువలేదు. క్లోరోఫారము తేలికగా ఇచ్చినపుడు గుండెయే హఠాత్తుగా తడబడి ఆగగలదని 1911లో లెవీ అను ఆంగ్ల వైద్యుడు ఋజువుచేసెను. ఊపిరిని విడువక చూడుమన్న భాగము మాత్రము ఈనాటికిని పనికివచ్చుచున్నది. ఆ ఆస్పత్రి 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వఱదలో కొట్టుకొనిపోయినది. దాని ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయేబదిమంది బ్రదికిరని ఇప్పటికిని చెప్పుకొందురు.

నాకు క్లోరోఫారము ఈయలేదు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనునతడు వెన్నులో మందెక్కించి నడుము క్రింది భాగమును మొద్దుబార్చు పద్ధతిని కనిపెట్టి, తనపై కూడ పరీక్షింపజేసికొని, తలనొప్పితో దినములు పడకపై నుండెను. ఆ దారినే నాకును మత్తిచ్చిరి. తెర కావల వడ్రంగి పనివంటి సుత్తిదెబ్బలు వినుచు పరుంటిని. అవి నా యెముకపై పడుచున్నవని తెలిసియు నొప్పి లేదు. ఇంతకంటె వింత నేను ఎఱుగను.

ఇక కీలు మాట. 1891 ప్రాంతమున జర్మనీలో గ్లక్ అను వైద్యుడు ఏనుగుదంతముతో కీళ్లు చేసి పెట్టగా చీముపట్టి చెడినవి. 1940లో అమెరికాలో ఆస్టిన్ మూర్, కంతి సోకిన తొడయెముక పైభాగమును తీసి లోహపుది అమర్చెను. ప్యారిస్‌లో జూడే సోదరులు ప్లాస్టిక్ బంతి పెట్టిరి. అట్టి బంతి గల ఒకడు ముందుకు వంగినపుడెల్ల అది కిఱ్ఱుమనుచుండగా భార్య అక్కడ కూర్చుండలేక లేచిపోయెడిదట. ఆ కిఱ్ఱుచప్పుడే ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆస్పత్రి వైద్యుడు జాన్ చార్న్‌లీని ఆలోచనలో పడవేసెను. ఆయన చిన్న ఉక్కుబంతిని, టెఫ్లాన్ గిన్నెను ఎన్నుకొనెను. సుమారు మూడు వందలమందికి పెట్టిన పిమ్మట ఆ గిన్నెలు అరిగి, పొడి చుట్టుప్రక్కల కండను చెఱచెను. తన తొడలోనే ఆ పొడిని ఎక్కించుకొని ఆయన ఆ హానిని నిర్ధారించుకొనెను. పెట్టిన గిన్నెలను మరల తీయవలసివచ్చెను. అప్పుడు మగ్గముల పండ్లచక్రములకు వాడెడి పాలిథీన్ జాతి ముక్కను ఒక వర్తకుడు తెచ్చియిచ్చెను. పరీక్షాశాల పనివాడు హ్యారీ క్రేవెన్ దానిని అరగదీయబోగా అది అరగక నిలిచెను. 1962 నవంబరు నుండి దానితోనే గిన్నెలు పెట్టసాగిరి. నేతగాని మగ్గము ఇచ్చిన వరమిది. మన నగరమున 1960ల దశకమున పంజాగుట్టలో నిజాము ధర్మనిధి సొమ్ముతో ఎముకల ఆస్పత్రి వెలసెను. అదియే నేటి నిమ్స్.

కోతనాటి నొప్పి పోయినది గాని నొప్పి పోలేదు, శ్రోతలారా! అది కోత తరువాతి దినములకు జరిగినది. మఱునాడే నన్ను నిలువబెట్టిరి. కపాటశయనము చదివిన నాకు అది దౌర్జన్యముగా తోచెను. మంచము చేయు హానిని తలచి ఓర్చితిని. మూడవ రాత్రి, మందు బలము తగ్గు జామున, తొడ కొలిమివలె మండెను. మాత్రను నొప్పి ముదిరిన పిమ్మట గాక గడియారము ప్రకారము మ్రింగవలెనని నేర్చినది అప్పుడే. అంతకంటె కష్టము నేల. మనది నేలమీది బ్రతుకు: పీటపై భోజనము, బాసిపట్టు, చాపపై సంధ్యావందనము, మఱుగుదొడ్డిలో గొంతుకూర్చుండుట. నన్ను కోసిన వైద్యుడు వీనినన్నింటిని వలదనెను. మోకాలు తుంటికంటె ఎత్తునకు వచ్చినచో క్రొత్త బంతి గిన్నె వదలి జారగలదట. అరువదియేండ్లు చాపపై కూర్చున్నవాడు కుర్చీలో గాయత్రి జపించుట సిగ్గనిపించెను. మా యింటామె, "సూర్యుడికి మీ కుర్చీ కనపడదులెండి" అని తేల్చివేసెను.

వ్యాయామము చేయించు అమ్మాయి తొలినాడే, "సార్, కర్ర నొప్పి ఉన్న వైపు కాదు, అవతలి చేతిలో పట్టుకోండి" అనెను. మన ఊళ్లలో నొప్పి ఉన్న ప్రక్కనే పట్టువారు తఱచు. ఒంటికాలిపై నిలిచినపుడు తుంటిపై దేహభారమునకు రెండున్నర మూడు రెట్లు భారము పడునని, ఎదుటి చేతికఱ్ఱ దానిని ఎంతో తగ్గించునని 1935లోనే జర్మనీ వైద్యుడు పౌవెల్స్ లెక్కగట్టెను. 1956లో అమెరికాలో బ్లౌంట్ అను వైద్యుడు చేతికఱ్ఱను పారవేయవలదని ఒక వ్యాసమే వ్రాసెను. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు కోసినకాలు, కఱ్ఱ ముందు. ఈ సూత్రముతోనే మూడవ నెలలో వారాసిగూడ నుండి విశ్వవిద్యాలయపు చెట్లనీడను నడచి, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల మెట్ల కడకు చేరితిని. నాలుగు మెట్లెక్కి దిగి వచ్చితిని.

ఈ కీలు ఎన్నాళ్లుండునని అడుగుదురు. 1889లో బ్రంటన్‌ను మన ఊరికి పంపిన ఆ లాన్సెట్ పత్రికయే 2019లో ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశముల లెక్కలు చూచి, 25 ఏండ్లు నిలుచునవి నూటికి 58 అని ప్రకటించెను. నాకిప్పుడు అరువదియాఱు. కఱ్ఱను మాత్రము తలుపు ప్రక్కనే ఉంచితిని.