వాగ్లోపముల కొలత: బ్రోకా నుండి డార్లీ వరకు

మెదడు వ్యాధులవలన కలుగు వాగ్లోపముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా 1861వ సంవత్సరముతో ఆరంభింతురు. ఆ యేట పారిస్ చెంతనున్న బిసెత్ర్ వైద్యశాలలో లెబోర్న్ అను రోగి మరణింపగా, పాల్ బ్రోకా అతని మెదడును పరీక్షించి ఎడమ లలాటభాగమున క్షతమును కనుగొనెను. ఇది సుపరిచితమే. మాకు ముఖ్యముగా తోచునది ఆ మెదడు కాదు. మరణమునకు కొలది దినములముందు బ్రోకా అడిగిన ఒక ప్రశ్న.

లెబోర్న్ పలుకగలిగినది 'తాన్' అను ఒక్క శబ్దమే. కోపము మిక్కుటమైనపుడు మాత్రము ఒక తిట్టు వెలువడెడిది. ఇచ్చట ఎన్నియేండ్లుగా ఉన్నావని బ్రోకా అడిగెను. కుడిచేయి చచ్చుపడి యుండుటచే అతడు ఎడమచేతిని నాలుగుమారులు చాపి, పిమ్మట ఒక వ్రేలిని చూపెను. 21 సంవత్సరములు, సరియైన ఉత్తరమే. మరునాడును అదే ప్రశ్న, అదే ఉత్తరము. మూడవమారు అడుగగా, ఇది తన్ను పరీక్షించుటకే యని గ్రహించి, రోగి మండిపడి ఆ తిట్టునే ప్రయోగించెను. మాట పోయినను లెక్కయు, కాలజ్ఞానమును, అభిమానమును పోలేదు! బ్రోకా దీనిని బుద్ధి నిలిచియుండుటకు నిదర్శనముగా గైకొనెనే గాని, ఇతర రోగులతో పోల్చుటకు పనికివచ్చు కొలతగా రూపొందింపలేదు. ఆపై పండితుల వాదములు ప్రధానముగా క్షతస్థానము చుట్టునే తిరిగినవి.

హెన్రీ హెడ్ 1926లో రెండు సంపుటములుగా ప్రకటించిన గ్రంథముతో దారి మారినది. అందు వర్ణితులైన 26 మందిలో పెక్కురు ప్రథమ ప్రపంచయుద్ధమున తలకు గాయపడిన యువసైనికాధికారులు. వస్తువుల పేర్లు చెప్పుట, గడియారపు ముండ్లను త్రిప్పుట, చెప్పిన చేతితో కన్నునో చెవినో తాకుట మున్నగు పరీక్షలను అతడు మరల మరల జరిపెను. కాని ఆరోగ్యవంతులు ఈ పరీక్షలలో ఎంతవరకు నెగ్గుదురో క్రమముగా చూడలేదు. ఆ పని 1935లో వైసెన్‌బర్గ్, మెక్‌బ్రైడ్‌లు చేసిరి. హెడ్ కీర్తి వీరికి దక్కకున్నను, నిజమైన మలుపు ఇదేయని మా అభిప్రాయము. రోగి పూర్వము ఎరుగనిదానిని అతడు కోల్పోయెనని చెప్పుట ఎట్లు? అక్షరాభ్యాసమే లేని వృద్ధుడు చదువలేకపోయినచో అది వ్యాధిలక్షణము కాదు గదా.

ఇంతవరకు చెప్పినది భాషాశక్తి లోపమును గూర్చి. నాలుక, పెదవులు, ఊపిరి వశముదప్పుటవలన కలుగు ఉచ్చారణలోపము వేరు. దీనికై 1969లో మేయో క్లినిక్‌కు చెందిన డార్లీ, ఆరన్సన్, బ్రౌనులు 212 మంది రోగుల ధ్వనిముద్రణములను విని, 38 లక్షణములను ఒక్కొక్కదానిని ఏడు మెట్లపై అంచనా వేసిరి. సాధనము శ్రోతల చెవియే.

అయితే చెవి తన భాషచేతనే శిక్షితమగును. ఆంగ్లమున అచ్చు సాగినచో వినువానికి చాలవరకు మాట మందగించినట్లే తోచును. తెలుగున అట్లు కాదు: 'పడు' సాగినచో 'పాడు' అగును, అర్థమే మారును. కావున ఆంగ్లపరీక్షను అనువదించినంత మాత్రమున మన పని తీరదు. ముందుగా ఆరోగ్యవంతులైన తెలుగువారి హ్రస్వదీర్ఘముల కాలపరిమితిని, ఆయా ప్రాంతముల పలుకుబడి ననుసరించి, కొలిచి యుంచుకొనవలసి యున్నది.