తత్సమం, తద్భవం, దేశ్యం

మంచిర్యాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పాను. గనికార్మికుల పిల్లలు వ్యాసాలలో ‘పగారు’, ‘నాగా’ అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి ‘జీతం’, ‘గైర్హాజరు’ అని దిద్దేవాడిని. దిద్దిన ‘గైర్హాజరు’ సైతం అరబ్బీ నుండి వచ్చినదే! ఈమధ్య మనుమరాలి జీవశాస్త్ర పుస్తకంలో మైటోకాండ్రియా పాఠం చూసినప్పుడు ఆ ఎర్రసిరా జ్ఞాపకం వచ్చింది.

మన కణాలలో ఆహారాన్ని ప్రాణవాయువుతో మండించి ఏటీపీ అనే శక్తిద్రవ్యాన్ని తయారుచేసే కొలుములే మైటోకాండ్రియా. ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా లోమన్, ఒకే ఏడాది ప్రకటించారు.

ఈ కొలుములు పుట్టుకతో మనవి కావు. నూటయాభై కోట్ల ఏళ్లకు పూర్వమే ఒక బ్యాక్టీరియా వేరొక కణంలో ప్రవేశించి అక్కడే స్థిరపడింది. 1927లో వాలిన్ ఇటువంటి మాటే అంటే శాస్త్రలోకం ఆదరించలేదు. లిన్ మార్గులిస్ వ్యాసాన్ని పలు పత్రికలు త్రిప్పిపంపగా, 1967లో గాని అచ్చు కాలేదు. తరువాత మాంసకృత్తులే సాక్ష్యమిచ్చాయి. శబ్దవ్యుత్పత్తిని మనం వెదికినట్లే, శాస్త్రజ్ఞులు వాటి అమరికలను పోల్చి పూర్వరూపాలను గుర్తించారు.

మానవ మైటోకాండ్రియాలో ఉండే మాంసకృత్తులు వేయికి పైమాటే. అందులో 13 మాత్రమే నేటికీ దాని సొంత జన్యువుల నుండి తయారవుతాయి. అవి తత్సమాల వంటివి. పూర్వపు బ్యాక్టీరియా జన్యువులు మరెన్నో కేంద్రకానికి తరలిపోయాయి. వాటి మాంసకృత్తులు బయట తయారై, చాలావరకు మొదట ఒక చిరునామా తునకను తగిలించుకొని లోపలికి వస్తాయి. చేరగానే ఆ తునక తెగిపోతుంది. అవి తద్భవాలు. మిగిలినవాటిలో ఆతిథ్యమిచ్చిన కణం స్వయంగా కల్పించుకొన్నవి ఉన్నాయి. ఏటీపీని వెలుపలికి చేరవేసే వాహకం అటువంటిదే. దానికి బ్యాక్టీరియాలో బంధువులు కానరారు. అది అచ్చమైన దేశ్యం. ఈస్టుపై 2000లో జరిగిన పరిశీలనలో మైటోకాండ్రియా మాంసకృత్తులలో సుమారు సగానికే బ్యాక్టీరియా సామ్యాలు దొరికాయి.

వచ్చినది శక్తినిచ్చింది, ఉన్నది దానికి ద్వారం అమర్చింది. ఏది లోపించినా మనం లేము. పోర్చుగీసువారి నోట సముద్రం దాటి వచ్చిన ‘పగారు’ మా బొగ్గుబాయి ఇళ్లలో పొయ్యి వెలిగించిన మాట. ఆ నోటుపుస్తకాలు ఇప్పుడు దొరికితే, నా ఎర్రగీతలనే కొట్టివేస్తాను.